సెలవులో వున్నప్పుడు ఉత్తరానికి జవాబెవరు?

ఈ పూట మనం ఆఫీసు ఉద్యోగాలు చేస్తున్న ఆడవాళ్లకు పనికొచ్చే ఒక చిన్న సంగతి చెప్పుకుందాం. చిన్నదే గాని, సరిగ్గా అమర్చుకోకపోతే మన సెలవు సెలవుగా వుండదు. అదేమిటంటే, మనం ఆఫీసులో లేనప్పుడు మన మెయిలుకు దానంతట అదే వెళ్లే జవాబు. అందులోనూ, నలుగురైదుగురికి కలిపి ఒకే చిరునామా వున్నచోట ఆ జవాబు ఎవరి పేరుమీద వెళ్లాలి, ఎక్కడినుంచి వెళ్లాలి, అందులో ఏం రాయాలి అన్నది.

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఈ అవసరం ఇదివరకటికంటే ఇప్పుడు బాగా పెరిగింది. తిరుపతిలో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం 1983 లో మొదలైంది. అక్కడా, మిగతా కాలేజీల్లోనూ చదువుకున్న ఆడపిల్లలు ఇవాళ ఎన్నోచోట్ల ఆఫీసు బాధ్యతలు చూస్తున్నారు. సత్యవేడు పక్కన శ్రీసిటీలో కంపెనీలు వున్నాయి. చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి మామిడికాయల గుజ్జు తీసి విదేశాలకు పంపే ఫ్యాక్టరీలు వున్నాయి. ఆసుపత్రులున్నాయి, కాలేజీలున్నాయి. వీటన్నిట్లోనూ ఆర్డర్లు, బిల్లులు, అర్జీలు, ఫిర్యాదులు అన్నీ మెయిలులోనే వస్తాయి, మెయిలులోనే పోతాయి.

మెయిలులో మనం సెలవు మీద వున్నామని చెప్పే జవాబును ఇంగ్లీషులో ఆటోమేటిక్ రిప్లై అనీ, అవుట్ ఆఫ్ ఆఫీస్ అనీ అంటారు. మనం మాటవరసకు దాన్ని ‘సెలవు జవాబు’ అనుకుందాం. ఇది కొత్తగా వచ్చిందేం కాదు. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయం 1986 లో విడుదల చేసిన యూనిక్స్‌లోనే ‘వెకేషన్’ అనే చిన్న ప్రోగ్రాం వుంది. ఎరిక్ ఆల్మన్ అనే ఆయన దాన్ని రాశాడు. ఎవరైనా ఉత్తరం రాస్తే, ‘ఆయన ఊళ్లో లేడు, వచ్చాక చూస్తాడు’ అని అది జవాబు పంపేది. ఒకే మనిషి పది ఉత్తరాలు రాసినా వారానికి ఒక్కసారే జవాబు చెప్పేది. పదేపదే చెప్పి విసిగించకూడదన్న మర్యాద ఆ రోజుల్లోనే యంత్రానికి నేర్పించారన్నమాట.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆఫీసులో మనకు రెండు రకాల చిరునామాలు వుంటాయి. ఒకటి మన సొంత పేరుతో వుండేది. రెండోది పని పేరుతో వుండేది. ‘ఆర్డర్స్’ అనో, ‘అకౌంట్స్’ అనో, ‘అడ్మిషన్స్’ అనో వుంటుంది. ఈ రెండోదాన్ని గ్రూపు చిరునామా అంటారు.

సొంత చిరునామాకు వెనకాల ఒక పెట్టె వుంటుంది. వచ్చిన ఉత్తరాలు అందులో పడతాయి. ఆ పెట్టెకు తాళంచెవి మన దగ్గరుంటుంది. ‘నేను ఫలానా తేదీదాకా లేను’ అని దానిమీద చీటీ అతికించుకోవచ్చు. గ్రూపు చిరునామాకు చాలాచోట్ల పెట్టే వుండదు. వుండేది సభ్యుల పేర్ల జాబితా మాత్రమే. ఉత్తరం రాగానే కంపెనీ సర్వర్, అంటే మెయిళ్లను పంచిపెట్టే యంత్రం, ఆ జాబితా చూసి ఒక్కొక్కరి పెట్టెలో ఒక్కొక్క నకలు వేసేస్తుంది. అంతటితో దాని పని అయిపోతుంది. పెట్టే లేనప్పుడు చీటీ ఎక్కడ అతికిస్తారు? ‘మా గ్రూపు చిరునామాకు సెలవు జవాబు పెట్టాలని చూస్తే ఎక్కడా కనిపించడం లేదే’ అని చాలామంది తికమక పడేది ఇక్కడే.

మన పొదుపు సంఘాలను గుర్తుకు తెచ్చుకోండి. సంఘం పేరుమీద బ్యాంకునుంచి ఉత్తరం వచ్చిందనుకుందాం. పోస్టుమాను దాన్ని పది నకళ్లు తీసి పదిమంది సభ్యుల ఇళ్లలోనూ వేసిపోయినాడు. అందులో ఒకామె పుట్టింటికి పోయింది. తలుపు మీద ‘ఊళ్లో లేము’ అని రాసిపెట్టి పోయింది. ఆ మాట చూసి బ్యాంకువాళ్లు ‘సంఘమే మూతపడింది కాబోలు’ అనుకుంటే ఎట్లా వుంటుంది? తక్కిన తొమ్మిదిమంది ఊళ్లోనే వున్నారు కదా! ఇంకో రకంగా చూస్తే, పదిమందిలో ప్రతి ఒక్కరూ ‘మిగతావాళ్లు చూసుకుంటారులే’ అనుకుంటే ఉత్తరానికి జవాబే పోదు. పదిమందిలో పాము చావదని పెద్దలు వూరికే అనలేదు.

దీన్ని మన ప్రాంతపు ఆఫీసుకు అన్వయించి చూద్దాం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వుందనుకోండి. ఎగుమతుల విభాగంలో నలుగురు ఆడవాళ్లు ‘ఆర్డర్స్’ అనే గ్రూపు చిరునామా చూస్తున్నారు. మే నెల వచ్చింది. తిరుపతి గంగమ్మ జాతర వచ్చింది. ఒకామె జాతరకని నాలుగు రోజులు సెలవు పెట్టింది. ఇంకొకామె పురిటికి పోయింది. ఇద్దరూ తమతమ పెట్టెల్లో సెలవు జవాబులు పెట్టుకున్నారు. దుబాయిలోని కొనుగోలుదారు ‘ఈ ఏడాది గుజ్జు ధర ఎంత, ఎన్ని డ్రమ్ములు ఇవ్వగలరు’ అని గ్రూపు చిరునామాకు రాశాడు.

ఆ కంపెనీ సర్వర్‌లో ఒక అమరిక వున్నట్టయితే ఆయనకు రెండు జవాబులు పోతాయి. ఒకదాంట్లో ‘నేను ఆఫీసులో లేను, సోమవారం వస్తాను’ అని వుంటుంది. రెండోదాంట్లో ‘నేను నవంబరు దాకా రాను’ అని వుంటుంది. ఆయన రాసింది ఒక్క ఉత్తరం. వచ్చినవి రెండు జవాబులు, అవి కూడా ఒకదానికొకటి పొసగనివి. మిగిలిన ఇద్దరూ అక్కడే కూర్చుని వున్నారని ఆయనకేం తెలుసు? ఆయన ఇంకో ఊరి ఫ్యాక్టరీకి రాసుకుంటాడు. ఆ ఆర్డరు పోతే నష్టం యజమానికి మాత్రమే కాదు. కాయ తోలిన రైతుకూ, సీజను కూలీకి వచ్చిన ఆడవాళ్లకూ తగులుతుంది.

సర్వర్‌లో ఆ అమరిక ఇంకో రకంగా వుంటే ఆయనకు ఏ జవాబూ పోదు. నలుగురిలో ఇద్దరు ఆఫీసులో వున్నంతకాలం దానివల్ల ఇబ్బంది లేదు. వాళ్లు చూసి జవాబు రాస్తారు. కాని పశువుల పండగనాడు ఆఫీసంతా మూసివుంటే? అప్పుడు గ్రూపు చిరునామాకు రాసినవాడికి గోడకు చెప్పుకున్నట్టే వుంటుంది.

ఇందులో మనం గట్టిగా పట్టుకోవలసిన మాట ఒకటుంది. మనిషికి సెలవు వుంటుంది గాని, పనికి సెలవు వుండదు. సొంత చిరునామా నుంచి పోయే జవాబు మనిషి సంగతి చెప్పాలి. గ్రూపు చిరునామా నుంచి పోయే జవాబు పని సంగతి చెప్పాలి. ఈ రెండూ కలిసిపోతే రాసినవాడికీ నష్టమే, సెలవు పెట్టుకున్న ఆడమనిషికీ కష్టమే.

ఇప్పుడు ఏ సర్వర్ ఏం చేస్తుందో కొంచెం తెలుసుకుందాం. మనం కంప్యూటరు ఇంజినీర్లం కానక్కరలేదు. పొయ్యి ఎట్లా చేసినారో తెలియకపోయినా మంట ఎక్కడ తగ్గించాలో తెలుసుకుంటాం కదా, అంతే.

జీమెయిల్‌లో సెలవు జవాబు పెడితే, మనం చేరివున్న మెయిలింగ్ లిస్టుకు వచ్చిన ఉత్తరాలకు అది జవాబు పంపదు. చెత్త మెయిలుగా గుర్తించినవాటికీ పంపదు. ఒకే మనిషి మళ్లీ మళ్లీ రాస్తే, నాలుగు రోజులు దాటాక వచ్చిన ఉత్తరానికి మాత్రమే రెండోసారి జవాబు పోతుంది. జవాబు మనకు తెలిసినవాళ్లకు మాత్రమే పోవాలని కూడా పెట్టుకోవచ్చు.

చాలా కంపెనీల్లో వాడే మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఛేంజ్‌లో గ్రూపుకు ఒక మీట వుంది. సభ్యుల సెలవు జవాబులు ఉత్తరం రాసినవారికి పోవాలా వద్దా అని నిర్ణయించే మీట. ఎవరూ ముట్టుకోకపోతే అది ‘వద్దు’ మీదే వుంటుంది. దాన్ని మార్చగలిగేది అడ్మిన్, అంటే మెయిలు సర్వర్ చూసుకునే వుద్యోగి. సామాన్యంగా దాన్ని ‘వద్దు’ మీదనే వుంచడం మంచిది. ‘పోవాలి’ అని మారిస్తే గ్రూపులో యాభైమంది వుండి, అందులో పన్నెండుమంది సెలవులో వుంటే, రాసినవాడి మీద పన్నెండు జవాబులు వచ్చి పడతాయి. పైగా ఎవరెవరు ఊళ్లో లేరో ముక్కూ ముఖం తెలియనివాడికి కూడా తెలిసిపోతుంది.

మరి గ్రూపు తరఫున ఒక్కటే చక్కటి జవాబు పోవాలంటే ఏం చెయ్యాలి? దానికి దారి వుంది. గ్రూపు జాబితాకు బదులు ఉమ్మడి పెట్టె పెట్టించుకోవాలి. దీన్నే షేర్డ్ మెయిల్‌బాక్స్ అంటారు. దీంట్లో ఉత్తరం ఒక్కచోటే పడుతుంది. నలుగురికీ తాళంచెవులు ఇస్తారు. ఎవరు జవాబు రాసినా ‘ఆర్డర్స్’ పేరుమీదే పోతుంది. దేనికి జవాబు పోయిందో మిగతావాళ్లు చూసుకునే వీలుంటుంది. పెట్టె వుంది కాబట్టి దానికి సెలవు జవాబు కూడా పెట్టుకోవచ్చు. మైక్రోసాఫ్ట్‌వారి దాంట్లో 50 గిగాబైట్ల వరకూ ఈ ఉమ్మడి పెట్టెకు వేరే లైసెన్సు కొననక్కరలేదు. ‘డబ్బు ఖర్చవుతుందేమో’ అని ఆఫీసరు గారు సందేహిస్తే ఈ మాట చెప్పవచ్చు.

ఒక్క జాగ్రత్త వుంది. ఒకే చిరునామా గ్రూపుకూ పెట్టెకూ రెండింటికీ వుండదు. అందుకని అడ్మిన్ పాత గ్రూపు పేరు మార్చి, ఆ చిరునామాను పెట్టెకు ఇవ్వాలి. ఈ పని సీజను మధ్యలో పెట్టుకోకూడదు. ఉత్తరాలు తక్కువగా వచ్చే రోజు చూసి, ఒక సాయంత్రం చేయించుకుని, బయటి చిరునామానుంచి ఒక ఉత్తరం రాసి సరిచూసుకోవాలి.

గూగుల్ గ్రూప్స్ వాడే ఆఫీసుల్లో సంగతి కొంచెం వేరు. అక్కడ గ్రూపు సెట్టింగుల్లోనే ఆటో రిప్లై అని వుంటుంది. గ్రూపు సభ్యులకు ఒక జవాబు, సంస్థలోనే వున్న ఇతరులకు ఒక జవాబు, బయటివాళ్లకు ఒక జవాబు విడివిడిగా రాసుకోవచ్చు. గ్రూపు యజమానిగా వున్నవారు దాన్ని అమర్చాలి. కాబట్టి మీ గ్రూపుకు యజమాని ఎవరో ముందు కనుక్కోండి. ఎప్పుడో ఉద్యోగం మానేసిపోయిన మనిషి పేరు అక్కడ వుండిపోయిందేమో చూసుకోండి.

లోపలివాళ్ల సంగతికి ఇంకొక సులువు వుంది. ఎక్స్‌ఛేంజ్‌లో గ్రూపుకు ‘మెయిల్‌టిప్’ అనే చిన్న చీటీ పెట్టవచ్చు. మన కంపెనీలోనివాళ్లు అవుట్‌లుక్‌లో ఆ చిరునామా టైపు చేయగానే, ఉత్తరం పంపకముందే ఆ చీటీ కనిపిస్తుంది. ‘ఈ విభాగం ఫలానా రెండు రోజులు పనిచెయ్యదు’ అని రాసిపెడితే చాలు. 175 అక్షరాలకు మించకూడదు. బయటివాళ్లకు ఇది కనిపించదు గనుక వాళ్లకు మాత్రం జవాబే పెట్టాలి.

ఇక యంత్రం యంత్రంతో మాట్లాడడం మొదలుపెడితే వచ్చే చిక్కు గురించి కూడా చెప్పుకోవాలి. మన పెట్టె ‘మేము లేము’ అంటుంది. అవతలి కంపెనీ పెట్టె కూడా సెలవులో వుండి ‘మేమూ లేము’ అంటుంది. ఆ మాటకు మళ్లీ మనది ‘మేము లేము’ అంటుంది. మనిషి అయితే రెండుసార్లు చెప్పి వూరుకుంటాడు. యంత్రానికి అలుపు లేదు. అడ్డుకట్ట లేకపోతే తెల్లవారేసరికి వేల ఉత్తరాలు పేరుకుపోతాయి.

ఇది జరక్కుండా 2004 లో కొన్ని నియమాలు రాశారు. దానంతట అది పోయే ప్రతి జవాబుకూ ‘ఇది యంత్రం పంపింది’ అని కంటికి కనిపించని ఒక ముద్ర వుండాలి. ఆ ముద్ర వున్నదానికి ఇంకో యంత్రం జవాబు చెప్పకూడదు. కవరు మీద తిరుగు చిరునామా కూడా ఖాళీగా వుంచడం మంచిది. అప్పుడు జవాబు చేరకపోయినా అది తిరిగి మన మీదకు రాదు. మంచి సర్వర్లన్నీ ఈ పద్ధతి పాటిస్తాయి. చిక్కంతా ఎక్కడ వస్తుందంటే, సెలవు జవాబు మీటను వాడకుండా ‘వచ్చిన ప్రతి ఉత్తరానికీ ఈ జవాబు పంపు’ అని ఎవరికి వారు సొంతంగా రూలు రాసుకున్నప్పుడు. అటువంటి రూలుకు ఒక్కసారే చెప్పాలన్న మర్యాద తెలియకపోవచ్చు. అందుకని అట్లాంటిది పెట్టేముందు అడ్మిన్‌కు తప్పకుండా చూపించాలి.

గ్రూపు చిరునామా ఎంత బలమైనదో తెలియాలంటే 1997 అక్టోబరులో సాక్షాత్తూ మైక్రోసాఫ్ట్ కంపెనీలోనే జరిగింది వినండి. ‘బెడ్‌లామ్’ అనే పేరుతో దాదాపు 13 వేలమంది వున్న ఒక జాబితా వుండేది. ‘నన్నెందుకు ఇందులో చేర్చారు, తీసెయ్యండి’ అని ఒకాయన ఆ జాబితాకే రాశాడు. అది 13 వేలమందికీ పోయింది. ‘నన్నూ తీసెయ్యండి’ అని కొందరు, ‘అందరికీ జవాబు రాయకండి’ అని కొందరు, వాళ్లూ అందరికీ రాశారు! సుమారు ఒక గంటలో కోటిన్నర ఉత్తరాలు తయారై సర్వర్లు కూలబడినాయి. అక్కడ రాసినవాళ్లు మనుషులు. మనుషులకు బదులు అలుపు లేని యంత్రాలు ఒక పెద్ద జాబితాకు జవాబులు రాస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి. అందుకే సెలవు జవాబు ఎప్పుడూ ఉత్తరం రాసిన ఒక్కరికే పోవాలి. ఎట్టి పరిస్థితిలోనూ గ్రూపుకు పోకూడదు.

ఇక జవాబులో ఏం రాయాలి? ఇది పూర్తిగా మన చేతిలో వున్న పని. ఆడవాళ్లకు ఎంతో ముఖ్యమైన పని కూడా.

సెలవు జవాబు కంపెనీ లోపలివాళ్లకు ఒకటి, బయటివాళ్లకు ఒకటి విడిగా రాసుకునే వీలు చాలా సర్వర్లలో వుంది. ఆ వీలును వాడుకోండి. బయటికి పోయే జవాబు ఎవరి చేతిలో పడుతుందో మనకు తెలియదు. మోసగాడు పంపిన ఉత్తరానికి కూడా అది పోవచ్చు. అట్లాంటప్పుడు ‘పాకాలలో మా అమ్మగారింటికి వెళుతున్నాను, 20వ తేదీ దాకా తిరుపతిలో వుండను, నా సొంత ఫోను నంబరు ఇది’ అని రాస్తే ఏమవుతుంది? ఇల్లు తాళం వేసివుందని చాటినట్టే. ఒంటరిగా వుండే ఆడమనిషి నంబరు తెలియనివాళ్ల చేతిలో పెట్టినట్టే. మనం ఇంటి పక్కవాళ్లతో చెప్పుకునే మాట వేరు, వీధిలో నిలబడి అరిచే మాట వేరు.

కాబట్టి వద్దనవలసినవి నాలుగు. సెలవు ఎందుకో రాయకూడదు. ఎక్కడికి పోతున్నామో రాయకూడదు. సొంత ఫోను నంబరు రాయకూడదు. ‘పైఅధికారి కూడా లేరు, చెక్కుల మీద సంతకాలు ఫలానా ఆమె చేస్తుంది’ వంటి లోపలి ఏర్పాట్లు బయటివాళ్లకు చెప్పకూడదు. ఆ పేరు పెట్టి దొంగ ఉత్తరాలు రాసేవాళ్లకు అదొక ఆసరా అవుతుంది.

రాయవలసినవి కూడా నాలుగే. ఒకటి, ఉత్తరం చేరిందన్న మాట. రెండు, మళ్లీ ఎప్పుడు చూస్తామో ఆ తేదీ. మూడు, తొందర పని వుంటే ఎవరిని అడగాలో, అది ఆఫీసు నంబరు గాని వేరే పని చిరునామా గాని. నాలుగు, మళ్లీ ఈ ఉత్తరాన్ని పంపనక్కరలేదన్న భరోసా.

తేదీ దగ్గర కొంచెం నిదానించండి. ‘సంక్రాంతి తర్వాత’ అంటే హాలెండువాడికి తెలియదు. ‘4/5’ అని అంకెలు వేస్తే మనకు మే 4, అమెరికావాడికి ఏప్రిల్ 5. అందుకని నెల పేరు అక్షరాల్లో రాయాలి. ‘సోమవారం’ అని మాత్రమే రాస్తే ఏ సోమవారమో తెలియదు. మనకు వారాంతపు సెలవు ఆదివారం, సౌదీలో శుక్ర, శనివారాలు. వాళ్లు పనిచేసే ఆదివారంనాడు మన ఆఫీసు మూసివుంటుందని కూడా అవసరమైతే ఒక ముక్క చేర్చవచ్చు.

గ్రూపు చిరునామా తరఫున జవాబు ఇట్లా వుండవచ్చు: ‘మీ ఉత్తరం అందింది. పండగ సెలవుల కారణంగా మా ఆర్డర్ల విభాగం జనవరి 14 నుంచి 16 వరకు మూసివుంటుంది. జనవరి 17 ఉదయం పదిగంటల నుంచి వరసగా చూస్తాము. ఓడకెక్కిన సరుకుకు సంబంధించిన తొందర పనికి మా ఎగుమతుల ఫోనుకు చెయ్యండి. ఈ ఉత్తరం మళ్లీ పంపనవసరం లేదు.’ అంతే. ఇందులో ఎవరి పేరూ లేదు. ఎవరి ఇంటి సంగతీ లేదు. అవతలివాడికి కావలసినదంతా వుంది. దీన్నే ఇంగ్లీషులోనూ, మీకు వేలూరు, చెన్నై వర్తకులు ఎక్కువగా వుంటే తమిళంలోనూ కింద రాసుకోవచ్చు.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. సర్వర్ ఒక్కొక్కరికి ఒక్కసారే జవాబు చెబుతుందన్నాం కదా. కొనుగోలుదారు మొదటిరోజు మామూలు విషయమేదో రాసి జవాబు అందుకున్నాడు. రెండోరోజు నిజంగా తొందర పని వచ్చి రాశాడు. ఈసారి అతనికి జవాబు పోదు. అందుకే తొందర పని దారి మొదటి జవాబులోనే వుండాలి. మధ్యలో తేదీ మారి జవాబు సవరించవలసి వస్తే, ఎక్స్‌ఛేంజ్‌లో సెలవు జవాబును ఒకసారి ఆపి మళ్లీ పెట్టాలి. అట్లా చేస్తే పాత లెక్క చెరిగిపోయి, మొదట జవాబు అందుకున్నవాళ్లకు కూడా కొత్త మాట చేరుతుంది.

ఇప్పుడు పురిటి సెలవు సంగతి. 2017 లో చట్టాన్ని సవరించినప్పుడు, మొదటి ఇద్దరు బిడ్డల వరకూ జీతంతో కూడిన ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. ఎంతోమంది కోరుకోగా వచ్చిన సౌకర్యం అది. కాని ఆర్నెల్ల సెలవు కాగితం మీద వుండి, పని మాత్రం ఆమె సొంత పేరుమీదే నడుస్తూవుంటే ఏమవుతుంది? ఉత్తరాలు ఆమె పెట్టెలోనే పడతాయి. జవాబు రాకపోతే ఫోను చేస్తారు. ‘ఏమీ అనుకోవద్దమ్మా, ఒక్క నిమిషం, ఆ ఫైలు యాడుందో చెప్పు’ అని మొదలవుతుంది. పురిటి మంచం మీద పసిబిడ్డకు పాలిస్తూ ఆమె ఎవరి బిల్లుకో సమాధానం చెబుతూ వుంటుంది. ఇది ఎవరో చెడ్డవాళ్లు కావడం వల్ల జరిగేది కాదు. చిరునామా మనిషి పేరుమీద వుండి, పని పేరుమీద లేకపోవడం వల్ల జరిగేది.

అందుకని ఆరో నెల వచ్చేసరికే ఈ ఏర్పాటు మొదలుపెట్టాలి. తరచుగా రాసే పార్టీలందరికీ ‘ఇకమీదట ఈ విషయాలకు ఆర్డర్స్ చిరునామాకే రాయండి’ అని మన సొంత చిరునామా నుంచి ముందుగా ఒక ఉత్తరం పోవాలి. ఆ చిరునామా ఉమ్మడి పెట్టె అయివుండాలి. మన పని ఎవరు చూస్తారో ఆమెకు తాళంచెవి ముందే ఇప్పించాలి. సెలవులోకి పోయేనాడు సొంత పెట్టెలో ‘ఈ విషయాలన్నీ ఆర్డర్స్ విభాగం చూస్తుంది, దయచేసి అక్కడికి రాయండి’ అని రెండు ముక్కలు పెడితే చాలు. ఏ నెలలో వస్తామో, ఎందుకు పోయినామో బయటివాళ్లకు చెప్పనక్కరలేదు.

ఒక్కోసారి కొత్తగా చేరిన పిల్లలు పెద్దవాళ్లను అడుగుతూ వుంటారు. ‘ఏమక్కా, సెలవు జవాబు పెట్టేస్తే సరిపోలేదా? ఇంతోటిదానికి ఇన్ని ఏర్పాట్లా?’ అని. సరిపోదు పాపా. జవాబు అనేది వాకిట్లో పెట్టిన చీటీ. లోపల మనిషి వుండాలి. చీటీలో ‘తొందర పనికి ఫలానా నంబరు’ అని రాసి, ఆ నంబరు ఎత్తేవాళ్లు లేకపోతే చీటీ పెట్టకపోవడమే మేలు. అందుకే సెలవు జవాబు రాసేముందు, అందులో మనం పేరు చెప్పబోయే విభాగాన్ని గాని మనిషిని గాని ‘మీ నంబరు రాయమంటారా’ అని అడిగి రాయాలి. వాళ్లు కూడా అదే వారం సెలవు పెట్టుకున్నారేమో చూసుకోవాలి.

గ్రూపులో ఎవరు ఎప్పుడు సెలవో ఒక కాగితం మీద రాసి అందరికీ కనిపించేచోట పెట్టుకోండి. సంక్రాంతికి, వుగాదికి, గంగమ్మ జాతరకు, బ్రహ్మోత్సవాలకు అందరికీ సెలవు కావాలనే వుంటుంది. ఒక పండగకు ఒకరు, ఇంకో పండగకు ఇంకొకరు వంతులు వేసుకుంటే ఎవరికీ కష్టం వుండదు. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు వుంటే ఏ సర్వరూ మనల్ని ఆదుకోలేదు.

చివరగా రెండు చిన్న పనులు మరిచిపోవద్దు. సెలవు జవాబు పెట్టిన వెంటనే, బయటి చిరునామానుంచి ఒక ఉత్తరం, ఆఫీసు చిరునామానుంచి ఒక ఉత్తరం రాసి చూడండి. జవాబు ఒక్కటే వచ్చిందా, రెండు వచ్చాయా, సరైన మాటే వచ్చిందా తెలిసిపోతుంది. రెండోది, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ పెట్టే వీలుంటే తప్పకుండా పెట్టండి. ఆ వీలు లేనిచోట, తిరిగి వచ్చినరోజు కుర్చీలో కూర్చోగానే మొట్టమొదట దాన్ని తీసెయ్యాలి. ఫిబ్రవరి వచ్చినా ‘సంక్రాంతి సెలవులో వున్నాము’ అని జవాబు పోతూవుంటే, గడప ముందు వాడిపోయిన ముగ్గులా వుంటుంది.

వినడానికి ఇదంతా యంత్రాల గొడవలా అనిపించవచ్చు. కాని కొంచెం ఆలోచిస్తే మన ఇళ్లలో ఎప్పుడూ చేసే పనే. ఊరికి పోయేముందు పక్కింటి అక్కకు చెప్పిపోతాం. పాలవాడికి చెబుతాం. మొక్కలకు నీళ్లెవరు పోస్తారో చూసుకుంటాం. ఆ ముందుచూపునే ఆఫీసు మెయిలుకు కూడా చూపిస్తే, అక్కడ పని ఆగదు, ఇక్కడ మన మనసుకు నెమ్మది వుంటుంది. రేపు ఆఫీసుకు పోగానే మీ విభాగం చిరునామా వెనకాల పెట్టె వుందో, వుట్టి జాబితా వుందో అడ్మిన్‌ను ఒక్కమాట అడిగి తెలుసుకోండి. మిగతాదంతా అక్కడినుంచి సులువే.